క్యాంపస్ పక్కనున్న విచారణ: ఆదివారం వచ్చే విద్యార్థులను ఎలా కలుపుకోవాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. గుంటూరు, విజయవాడల మధ్య జాతీయ రహదారికి దగ్గరలో ఉన్న పల్లె విచారణ (ఒక గురువు, అంటే ఫాదరు, చూసుకునే క్యాథలిక్ పారిష్) మీది. చుట్టూ విశ్వవిద్యాలయాలు, హాస్టళ్ళు వచ్చాయి. ఆదివారం పూజకు (మాస్) విద్యార్థులు వస్తున్నారు, కానీ వెనక గోడకు ఆనుకొని నిలబడి, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకోగానే వెళ్ళిపోతున్నారు. వీళ్ళు మన విచారణ వారేనా, విడిగా ఇంగ్లీషు పూజ పెట్టాలా, యువజన సంఘం ప్రారంభించాలా, విద్యార్థి భవనానికి చందాలు మొదలుపెట్టాలా అని మీ విచారణ సలహా సంఘంలో తలా ఒక మాట అంటున్నారు.

నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి పదవీ విరమణ చేశాను. కొంతకాలం ఐకఫ్ (అఖిల భారత క్యాథలిక్ విశ్వవిద్యాలయ సమాఖ్య) విద్యార్థులకు సలహాదారుగా ఉన్నాను. ఆ తరువాత క్యాంపస్‌కు దగ్గరున్న ఒక విచారణలో విద్యార్థుల బాధ్యత చూస్తూ వచ్చాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

సూటిగా చెప్పాలంటే, వాళ్ళు మీ విచారణ వారే, అందులో సందేహం లేదు. భవనం ఇప్పుడు వద్దు. విడి సంఘం కూడా తొందరపడి పెట్టవద్దు. మారని పూజవేళ ఒకటి, విద్యార్థుల కోసమని నియమించిన మనిషి ఒకరు, వాళ్ళ పేర్లు రాసుకునే రిజిస్టరు ఒకటి ఈ సంవత్సరం సమకూర్చుకోండి. ఆ వెంటనే గుడిలో వాళ్ళకు పని అప్పగించండి. మిగిలినవన్నీ వీటి తరువాతే.

ముందు "మన వారేనా" అన్న సందేహం తీర్చుకుందాం, ఎందుకంటే చాలా విచారణల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంటుంది. విద్యార్థి అంటే నాలుగేళ్ళు ఉండి వెళ్ళిపోయేవాడు, వాడి సొంత విచారణ వాడికి ఉంది కదా అనుకుంటారు. శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం అలా అనుకోదు. 1983 నాటి చట్టంలోని 102వ నియమం ప్రకారం ఒక విచారణ పరిధిలో మూడు నెలలు ఉండాలనే ఉద్దేశంతో వచ్చినా, నిజంగా మూడు నెలలు ఉన్నా, ఆ మనిషికి అక్కడ తాత్కాలిక నివాసం ఏర్పడుతుంది. 107వ నియమం ప్రకారం ఆ నివాసంతోనే అక్కడి విచారణ గురువు అతనికి సొంత గురువు అవుతారు. ఇంటి దగ్గరి విచారణ పోదు, దానికి తోడు ఇది కూడా వస్తుంది. కాబట్టి మీ హాస్టళ్ళలో ఉన్న క్యాథలిక్ పిల్లల ఆత్మసంరక్షణ మీ గురువుగారి బాధ్యతే.

ఇక్కడ మన ప్రాంతానికే చెందిన ఒక మెలిక ఉంది. లెక్కలోకి వచ్చేది చదివే చోటు కాదు, నివసించే చోటు. కృష్ణకు ఇవతల గుంటూరు పీఠం (ఒక బిషప్పు పరిధి, డయోసిస్), అవతల విజయవాడ పీఠం. 1937లో బెజవాడ పీఠంగా ఏర్పడినది నేటి విజయవాడ పీఠం. గుంటూరు పీఠం 1940లో నెల్లూరు పీఠం నుంచి విడివడింది. ఇవతల ఉన్న వడ్డేశ్వరంలోనో నాగార్జున నగర్‌లోనో చదువుతూ విజయవాడలో గది అద్దెకు తీసుకొని రోజూ బస్సులో వచ్చిపోయే విద్యార్థికి గురువు విజయవాడలోనే ఉంటారు. పెళ్ళి కాగితాల దగ్గర, పెద్దల జ్ఞానస్నానం దగ్గర ఈ తేడా అక్కరకు వస్తుంది. ఆదివారం పూజకు మాత్రం ఎక్కడికి వెళ్ళినా సరిపోతుంది.

ఇంకో నియమం మీ సలహా సంఘంలో తప్పకుండా చదివి వినిపించండి. 813వ నియమం విద్యార్థుల విషయంలో మేత్రాణులకే (బిషప్పుకే) బాధ్యత పెడుతుంది. అవసరమైతే వాళ్ళకోసం ఒక విచారణనే స్థాపించి, లేదా కనీసం స్థిరంగా నియమించిన గురువుల ద్వారా వాళ్ళను చూసుకోవాలని, క్యాథలిక్కులవి కాని విశ్వవిద్యాలయాల దగ్గర కూడా విద్యార్థులకు ఆధ్యాత్మిక సహాయం అందించే కేంద్రాలు ఉండేలా చూడాలని అది చెబుతుంది. అమెరికాలో దీనికి పాత సంప్రదాయం ఉంది. 1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో మొదలైన న్యూమన్ క్లబ్బు తరువాత అనేక క్యాంపస్‌ల పక్కన విద్యార్థి కేంద్రాలకు, కొన్నిచోట్ల పూర్తి విద్యార్థి విచారణలకు దారి తీసింది.

మన దగ్గర చరిత్ర వేరు. విజయవాడలో 1953లో యేసుసభ (జెసూట్) గురువులు స్థాపించిన ఆంధ్ర లొయోల కళాశాల, 1962లో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సిస్టర్లు స్థాపించిన మారిస్ స్టెల్లా కళాశాల ఉన్నాయి. అక్కడ విద్యార్థికి ప్రార్థనాలయం, గురువులు, సిస్టర్లు ప్రాంగణంలోనే దొరుకుతారు. 1924లో మొదలైన ఐకఫ్ వంటి విద్యార్థి ఉద్యమాలు కూడా ఇలాంటి కళాశాలల్లోనే వేళ్ళూనుకున్నాయి. 1976లో వచ్చిన నాగార్జున విశ్వవిద్యాలయంలో గానీ, తరువాత వెలిసిన ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో గానీ అలాంటి ఏర్పాటును ఆశించలేం, అది వాటి పని కాదు. మన పిల్లల్లో చాలామంది ఇప్పుడు చదువుతున్నది అక్కడ. కాబట్టి ఆ భారం పక్కనే ఉన్న పల్లె గుడి మీద పడింది. మీ గుడి దాన్ని కోరుకోకపోయినా పడింది.

పూజవేళ గురించి. నేను ఎక్కువ సేపు నిలిచేది ఈ విషయం మీదే, ఎందుకంటే తక్కినవన్నీ బాగుండి ఇది చెడితే విద్యార్థులు రారు. పల్లెలో ఆదివారం పూజ ఏడింటికో, గురువుగారు ఉపగ్రామం (అదే విచారణ కింద ఉన్న మరో ఊరు) నుంచి తిరిగివచ్చాక తొమ్మిదిన్నరకో ఉంటుంది. ఒక ఆదివారం ముందు, ఒక ఆదివారం వెనక. ఊరి వాళ్ళకు గంట వినబడుతుంది, పక్కింటి వాళ్ళు చెబుతారు. హాస్టల్ పిల్లకు ఈ రెండూ లేవు. ఆమెకు బయటికి వెళ్ళే అనుమతి కొన్ని గంటలకే దొరుకుతుంది, తిరిగి లోపలికి రావలసిన సమయం రాసి ఉంటుంది. రెండుసార్లు వచ్చి తలుపు మూసి ఉండటం చూస్తే మూడోసారి రాదు. దీవెన కాకముందే వెళ్ళిపోతున్నారని మీరు బాధపడుతున్నారు. వాళ్ళలో చాలామందికి బస్సు వేళ ముంచుకొస్తూ ఉంటుంది. పూజ తరువాత పావుగంట సాగే ప్రకటనలు ఒకసారి గుర్తుచేసుకోండి.

ఆదివారం సాయంత్రం ఇంకో పూజ పెట్టించుకుందామని మీకు తోచవచ్చు. అయితే 905వ నియమం ప్రకారం గురువు సాధారణంగా రోజుకు ఒక పూజే చేయాలి. గురువుల కొరత ఉన్నచోట మేత్రాణుల అనుమతితో మామూలు రోజుల్లో రెండు, ఆదివారాల్లో మూడు దాకా చేయవచ్చు. మీ గురువుగారు సొంత గుడిలో ఒకటి, ఉపగ్రామాల్లో రెండు చేస్తూ ఉంటే ఆదివారం హద్దు అక్కడికి నిండిపోయింది. నాలుగోది అడగడం ఆయన్ని ఇబ్బందిలో పెట్టడమే. అందుకే శనివారం సాయంత్రం పూజ అడగండి. 1248వ నియమం ప్రకారం ముందురోజు సాయంత్రం పాల్గొన్న పూజతో కూడా ఆదివార విధి నెరవేరుతుంది. ఆదివారం పోటీపరీక్షలు రాసేవాళ్ళకు, ఫిబ్రవరిలో గేట్ పరీక్షకు వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద ఊరట. మా దగ్గర శనివారం పూజ మొదలైనప్పుడు రెండు నెలల దాకా బల్లలు దాదాపు ఖాళీగా ఉండేవి, ఆపేద్దామన్న మాట వచ్చింది. గురువుగారు ఆపలేదు. మూడో నెల నుంచి, ఏ వారమైనా అదే వేళకు పూజ ఉంటుందన్న నమ్మకం కుదిరాక, పిల్లలు స్నేహితులను వెంటబెట్టుకొని రావడం మొదలుపెట్టారు.

విభూది బుధవారం (ఈస్టరుకు ముందుండే తపస్సుకాలపు మొదటి రోజు) కూడా ఇలాగే. ఉదయం పూజ ఒక్కటే పెడితే తరగతులున్న పిల్లలెవరూ విభూది పెట్టించుకోలేరు. సాయంత్రం కూడా ఏర్పాటు చేయండి. తపస్సుకాలపు శుక్రవారాల్లో సిలువ మార్గానికి విద్యార్థులు మీరు ఊహించినదానికన్నా ఎక్కువమంది వస్తారు. క్రిస్మస్ ఆరాధనలు మాత్రం వాళ్ళ కోసం కాదు, అప్పటికి ఇళ్ళకు వెళ్ళిపోతారు. డిసెంబరు మొదట్లో సెమిస్టరు పరీక్షలు చూసుకొని సెమీ క్రిస్మస్ చేయండి.

సంవత్సరంలో ముఖ్యమైన వారాలు ఏవంటే, మొదటి సంవత్సరం పిల్లలు వచ్చే వారాలు. ఈఏపీసెట్ కౌన్సెలింగు అయి, సీట్లు ఖరారై, హాస్టళ్ళు నిండే సమయం అది. మీ విచారణ కార్యక్రమాల పట్టిక జూన్‌లో మొదలైతే, విద్యార్థుల స్వాగతం దానితో కలిపి పెట్టవద్దు. తరగతులు మొదలైన తరువాత వచ్చే మూడు నాలుగు ఆదివారాలు గుడి గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడి కొత్త ముఖాలను పలకరించాలి. ఆ వారాల్లో అలవాటు తప్పిన పిల్లలను మళ్ళీ రప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మనిషి గురించి. ఆదర్శంగా చూస్తే 813వ నియమం చెప్పిన స్థిరమైన గురువు ఉండాలి. మన విచారణ గురువులకు పాఠశాల కరస్పాండెంటు బాధ్యత, ఉపగ్రామాలు, చావులు, పెళ్ళిళ్ళు, ఇళ్ళ తగాదాలు ఉంటాయి. ఆయన తలమీద ఇంకో బరువు పెట్టి, చేయడం లేదని నిందించడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయంలోనే పై చదువులు చదువుతున్న గురువులు కొన్నిసార్లు దొరుకుతారు, మేత్రాణులను అడగండి. దొరకకపోతే ఒక సిస్టరు, ఒక అధ్యాపకుడు, భార్యాభర్తలిద్దరూ విశ్వాసంలో నిలకడగా ఉన్న ఒక కుటుంబం చాలు. ముఖ్యమైనది ఒకటే, ఆ మనిషి నెలనెలా మారకూడదు. వంతులవారీగా బాధ్యులను పెట్టిన విచారణను నేను దగ్గర నుంచి చూశాను. ప్రతి నెలా కొత్తవారు అవే ప్రశ్నలు అడిగేసరికి పిల్లలు విసిగిపోయారు. "మా గురించి ఎవరికీ గుర్తుండదు" అని ఒకమ్మాయి నాతో అంది. గురువుగారు వారానికి ఒక గంట, శనివారం పూజకు ముందు, పాపసంకీర్తన స్థలంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునే చోట) కూర్చోగలిగితే చాలు. ఎవరూ రాకపోయినా కూర్చోవాలి.

రిజిస్టరు. పేరు, సొంత విచారణ, చదువు, హాస్టలు, జ్ఞానస్నానం, తొలి దివ్యసత్ప్రసాదం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) అయ్యాయో లేదో, ఇంటి ఫోను. ఇంతకంటే అక్కర్లేదు. అమ్మాయిల ఫోను నంబర్లు సిస్టరు దగ్గరో, స్త్రీ బాధ్యురాలి దగ్గరో మాత్రమే ఉండాలి. ఊరి పెద్దలు, యువకులు అందరూ ఉన్న వాట్సాప్ గుంపులో వాళ్ళను చేర్చవద్దు. ఇంటర్ పిల్లలు, కొందరు మొదటి సంవత్సరం పిల్లలు పద్దెనిమిది నిండని వాళ్ళు. వాళ్ళ విషయంలో 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుందని బాధ్యులందరికీ తెలియాలి. ఒక పెద్ద మనిషి ఒక పిల్లతోనో పిల్లవాడితోనో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదన్న నియమం రాసిపెట్టుకోండి. గురువుగారికి కూడా అదే నియమం. తలుపు తీసి ఉంచడం ఎవరికీ అవమానం కాదు.

రిజిస్టరు రాయడం మొదలుపెడితే మీకు ఒక సంగతి బయటపడుతుంది. చాలామంది పల్లె పిల్లలకు భద్రమైన అభ్యంగనం అయి ఉండదు. ఇంటర్ కోసం ఊరు వదిలేసరికి ఆ తరగతులు తప్పిపోతాయి. వాళ్ళను సిద్ధం చేసి, మేత్రాణులు వచ్చినప్పుడు ఇప్పించి, జ్ఞానస్నానం పొందిన విచారణకు సమాచారం పంపండి. అక్కడి రిజిస్టరులో నమోదు కావాలి.

ఇంగ్లీషు పూజ. దీని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెలుగు రాని విద్యార్థులు నిజంగానే ఉన్నారు. కేరళ, ఝార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు, ఆఫ్రికా దేశాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళకు అర్థమయ్యే భాషలో దేవుని వాక్కు వినిపించడం మన ధర్మం. నెలలో ఒక శనివారం, ఎప్పుడూ అదే శనివారం, ఇంగ్లీషులో పూజ పెట్టండి. మిగిలిన వారాల్లో ఒక పఠనం ఇంగ్లీషులో చదివించండి, ప్రసంగం చివర రెండు నిమిషాలు ఇంగ్లీషులో చెప్పించండి. అంతకు మించి వద్దు.

కారణం చెబుతాను. క్యాంపస్ పక్కన ఉన్న మన పల్లె గుళ్ళలో కూర్చునేది ఎక్కువగా వ్యవసాయ కూలీ కుటుంబాలు, దళిత కుటుంబాలు. ఆ గుడిని వాళ్ళ తాతలు మట్టి మోసి కట్టుకున్నారు. విద్యార్థులు రకరకాల ఇళ్ళ నుంచి వస్తారు. ఫిరంగిపురం లాంటి పాత క్యాథలిక్ ఊళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో భూమి ఉన్న కులాల వాళ్ళూ ఉంటారు, మాల మాదిగ పల్లెల వాళ్ళూ ఉంటారు. ప్రతి ఆదివారం విడి పూజ, విడి పాటలు, విడి కాఫీ పెడితే ఒక్క ఏడాదిలో గుడి రెండుగా చీలుతుంది. అది భాష పేరుతో మొదలై కులం, డబ్బు గీతల మీద ఆగుతుంది. మన తెలుగు సంఘాల్లో ఈ గాయం పాతది. విద్యార్థుల పేరుతో దాన్ని మళ్ళీ రేపవద్దు.

అందుకే గుడిలో పని ఇవ్వమన్నాను. పఠనాలు చదవడం, పాటల బృందంలో కూర్చోవడం, ఊరి పిల్లలకు ఆదివారం జ్ఞానోపదేశం చెప్పడం, పదో తరగతి పిల్లలకు లెక్కలు నేర్పడం. మా విచారణలో ఒక ఇంజనీరింగ్ కుర్రాడు పూజ తరువాత ఊరి పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. వాళ్ళమ్మలు వాడికి భోజనం పెట్టకుండా పంపేవారు కాదు. వాడికి జ్వరం వస్తే హాస్టలుకు గంజి కూడా వాళ్ళే పంపారు. విద్యార్థి విచారణ మనిషి అయ్యేది అక్కడే. వేరే సంఘం పెట్టి వేరే బల్లమీద కూర్చోబెడితే ఈ బంధం పుట్టదు. ఐకఫ్ వంటివి విద్యార్థులు తామంతట తాము కోరుకున్నప్పుడు రావాలి. అలా వచ్చినవి నిలుస్తాయి.

కేరళ విద్యార్థుల్లో కొందరు సిరో మలబార్ శ్రీసభకు (సొంత పూజావిధి ఉన్న కేరళ క్యాథలిక్ శ్రీసభకు) చెందినవారు ఉంటారు. మన లాటిన్ సంప్రదాయపు పూజలో పాల్గొంటే వాళ్ళ ఆదివార విధి నెరవేరుతుంది. సత్ప్రసాదం, పాపసంకీర్తనం మామూలుగానే పొందవచ్చు. పెళ్ళి, గురుత్వ పిలుపు వంటి విషయాలు వచ్చినప్పుడు మాత్రం వాళ్ళకు తమ సొంత పీఠం ఉంది. తమ పీఠాలు లేని ప్రాంతాల్లోని సిరో మలబార్ విశ్వాసుల కోసం 2017లో శంషాబాద్ పీఠం ఏర్పడింది. అలాంటి విషయాల్లో మీ గురువుగారు ముందుగా ఆ పీఠం వారితో మాట్లాడాలి.

మీరు రాసిన ఇంకో బాధ, "మన పిల్లలు వేరే ప్రార్థన బృందాలకు పోతున్నారు." నిజమే, పోతారు. గుంటూరు ప్రాంతంలో లూథరన్, బాప్టిస్టు, పెంతెకోస్తు సంఘాలు ఎంత బలంగా ఉన్నాయో మీకు చెప్పనక్కర్లేదు. ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి ఉన్న నేల ఇది. ఒకే గదిలో నలుగురు క్రైస్తవ పిల్లలుంటే నాలుగు సంఘాల వాళ్ళు కావచ్చు. ఆ బృందాల్లో కొత్త పిల్లను పేరు పెట్టి పిలుస్తారు, ఏ పరీక్ష ఉందో అడుగుతారు, ఆ పరీక్ష కోసం పేరు చెప్పి ప్రార్థిస్తారు. మన గుడిలో ఆమె పేరు ఎవరికీ తెలియదు. తప్పు ఆమెది కాదు. ఆమెను మందలించవద్దు. విశ్వాసుల ప్రార్థనలో ఆ వారం పరీక్షలు రాసేవాళ్ళ పేర్లు చదవండి. గదిలో తోటివాళ్ళు "మరియమ్మను ఎందుకు మొక్కుతారు, పాపాలు మనిషికి ఎందుకు చెబుతారు, మీ బైబిలులో పుస్తకాలు ఎక్కువ ఎందుకున్నాయి" అని అడుగుతారు. మన పిల్లలకు సమాధానం తెలియక సిగ్గుపడి ఊరుకుంటారు. శనివారం పూజ తరువాత అరగంట, వాళ్ళు తెచ్చిన ప్రశ్నల మీదే, బైబిలు తెరిచి మాట్లాడండి. నేను చూసినంతలో పిల్లలు ఆటల పోటీలకంటే దీనికే ఎక్కువ ఆసక్తిగా వచ్చారు.

ఇతర సంఘాల స్నేహితులు వెంట వస్తే మనస్ఫూర్తిగా ఆహ్వానించండి. సత్ప్రసాదం మాత్రం ఇవ్వలేమని ముందే, పక్కకు పిలిచి, మర్యాదగా చెప్పాలి. వరుసలో నిలబడ్డాక చెబితే అవమానపడతారు.

క్యాంపస్ లోపల, హాస్టలు గదుల్లో అనుమతి లేకుండా ప్రార్థన కూటాలు పెట్టించవద్దు. అది అన్ని మతాల పిల్లలు కలిసి బతికే చోటు. గుడికి పిలవండి, గుడిలో చేయండి. పాస్కా జాగరణ (ఈస్టరు ముందురాత్రి ఆరాధన) లాంటి రాత్రి ఆరాధనలకు వార్డెనుకు విచారణ ముద్రతో లేఖ పంపండి. ఎవరెవరు వస్తున్నారు, ఏ వాహనంలో, ఎన్ని గంటలకు తిరిగి దింపుతారు, వెంట వచ్చే స్త్రీ ఎవరు అన్నవి అందులో ఉండాలి. ఒక్కసారి చెప్పిన వేళకు దింపితే రెండోసారి అనుమతి సులభంగా వస్తుంది. గుణదల తిరునాళ్ళకు తీసుకువెళ్ళాలనుకుంటే ఫిబ్రవరి 9, 10, 11 తేదీల రద్దీలో గుంపుగా వద్దు. ముందు జరిగే నవదిన ప్రార్థనల్లో ఒక సాయంత్రం ఎంచుకోండి. ఆ పుణ్యక్షేత్రం కథ కూడా పిల్లలకు చెప్పండి. 1924లో అక్కడి అనాథ బాలల సంస్థకు రెక్టరుగా ఉన్న ఆర్లాటి గారు ప్రతిష్ఠించిన మరియమాత స్వరూపంతోనే ఆ క్షేత్రం మొదలైంది. ఇల్లు వదిలి వచ్చిన పిల్లలకు ఆ కథ దగ్గరగా ఉంటుంది.

మనసు చితికిన పిల్లల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సబ్జెక్టులు మిగిలిపోవడం, ఇంట్లో అప్పులు, ప్రేమ విఫలం కావడం, ఒంటరితనం. ఇవి గుడికి వస్తాయి, చాలాసార్లు పాపసంకీర్తన స్థలానికే వస్తాయి. అక్కడ విన్నది గురువు ఎవరికీ, ఏ కారణంతోనూ చెప్పలేరు. 983వ నియమం ఆ రహస్య ముద్రను అలంఘ్యం చేసింది. అందువల్ల పాపసంకీర్తనంలో "బతకాలని లేదు" అని ఒక పిల్లవాడు చెబితే, గురువు బయటికి వచ్చి సిస్టరుకో, తల్లిదండ్రులకో చెప్పడానికి వీలులేదు. అనుభవం ఉన్న గురువులు అక్కడే ఆ పిల్లవాడిని బతిమాలి, "ఇదే మాట బయట కూర్చొని నాతో మళ్ళీ చెప్పు, అప్పుడు నీకు మనుషులను తోడు తేగలను" అంటారు. మీ గురువుగారికి ఇది తెలిసే ఉంటుంది. బాధ్యులకు కూడా తెలియాలి, ఎందుకంటే ఆ తరువాత తోడు ఉండవలసింది వాళ్ళే. ప్రార్థన చేద్దాం అని మాత్రమే చెప్పి పంపవద్దు. ప్రార్థించండి, వైద్యుడి దగ్గరకూ తీసుకువెళ్ళండి. కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ (మానసిక ఆరోగ్య సహాయ) నంబరు 14416 గుడి గోడమీద పెద్ద అక్షరాలతో రాయించండి. తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రమాదం కనిపిస్తే ఆ రాత్రి ఆ పిల్లవాడిని ఒంటరిగా గదికి పంపవద్దు.

పెళ్ళి కాగితాల విషయం క్లుప్తంగా. 1115వ నియమం ప్రకారం వధూవరుల్లో ఒకరికి నివాసమో, తాత్కాలిక నివాసమో, నెల రోజుల నివాసమో ఉన్న విచారణలో పెళ్ళి చేయవచ్చు. ఇంటి విచారణ నుంచి కొత్తగా తీసుకున్న జ్ఞానస్నాన పత్రం, అక్కడ కూడా పెళ్ళి ప్రకటనలు చదివించినట్టు లేఖ తెప్పించుకోవాలి. లూథరన్ వంటి జ్ఞానస్నానం పొందిన ఇతర క్రైస్తవులతో అయితే మేత్రాణుల అనుమతి, జ్ఞానస్నానం లేనివారితో అయితే మినహాయింపు కావాలి. ఇంట్లో తెలియకుండా రేపే చేయమని వచ్చే జంటలకు తొందరపడి హామీ ఇవ్వవద్దు.

చివరిగా సున్నితమైన విషయం. గుడికి స్నేహితులతో వచ్చిన విద్యార్థి జ్ఞానస్నానం అడగవచ్చు. వెంటనే ఇవ్వకూడదు. పెద్దలకు జ్ఞానార్థుల (జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి) శిక్షణ ఉంది. తపస్సుకాలం మొదటి ఆదివారం ఎన్నిక (జ్ఞానస్నానానికి ఎంపిక చేసే ఆరాధన), పాస్కా జాగరణలో జ్ఞానస్నానం, ఇదే దాని సహజమైన క్రమం. పద్నాలుగేళ్ళు నిండినవారి విషయం మేత్రాణులకు నివేదించాలి. ఎస్సీ విద్యార్థి అయితే చట్టపరమైన ఫలితం ముందే చెప్పాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, ఆ తరువాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సీ కిందికి వస్తారు. ఆ వర్గానికి ఉన్న రిజర్వేషను ఒక శాతం. ఈ నియమం అన్యాయమని నా నమ్మకం. మన శ్రీసభ కూడా దశాబ్దాలుగా అదే చెబుతోంది. అయినా ఉపకారవేతనం మీద చదువుతున్న పిల్లవాడికి ఈ సంగతి దాచిపెట్టి జ్ఞానస్నానం ఇవ్వడం తప్పు. కాగితంలో ఒకటి, గుడిలో ఒకటిగా బతకమని సలహా ఇవ్వడం కూడా తప్పే. అతనికి అన్నీ తెలియాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి, ఆలోచించుకోవడానికి సమయం ఉండాలి. తొందరపెట్టే బాధ్యులను ఈ పనికి దూరంగా ఉంచండి.

ఇక భవనం. మీకు ఆర్.సి.ఎం. (రోమన్ క్యాథలిక్ మిషన్) పాఠశాల ఉంటే సాయంత్రం నాలుగు గదులు ఖాళీగానే ఉంటాయి. సెమిస్టరు పరీక్షల ముందు మూడు వారాలు ఒక గదిలో లైట్లు, ఫ్యాన్లు, మంచినీళ్ళు పెట్టి, కాపలాకు ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టి, చదువుకోవడానికి తెరవండి. హాస్టలు రొదలో చదవలేని పిల్లలు వస్తారు. ఏ మతం వాళ్ళు వచ్చినా కూర్చోనివ్వండి. ఖర్చు కరెంటు బిల్లు దాటదు, అది ఆర్థిక సంఘం ఒక్క సమావేశంలో తేల్చగలిగిన విషయం. విద్యార్థుల దగ్గర చందాలు వసూలు చేయవద్దు.

గురువుల బదిలీలు ప్రకటించకముందే మేత్రాణులకు లేఖ రాయండి. రిజిస్టరులో ఉన్న విద్యార్థుల సంఖ్య, ఏయే హాస్టళ్ళు, తెలుగు రానివారు ఎందరు, శనివారం పూజకు ఎందరు వస్తున్నారు అన్నవి అందులో ఉండాలి. 813వ నియమాన్ని ప్రస్తావించి, విద్యార్థుల కోసం స్థిరంగా ఒక గురువును ఇవ్వమని అడగండి. సలహా సంఘం సంతకాలతో పాటు కొందరు విద్యార్థుల సంతకాలు కూడా పెట్టించండి. వీటన్నిటికన్నా ముందు చేయవలసింది ఒకటే. మీ ఊరి మీదుగా హాస్టళ్ళ వైపు వెళ్ళే చివరి బస్సు ఎన్ని గంటలకో, అమ్మాయిల హాస్టళ్ళు ఎన్ని గంటలకు మూస్తారో కనుక్కొని, శనివారం పూజవేళ దాన్నిబట్టి నిర్ణయించండి.